మామిడికొమ్మ మీది కోడికాళ్ళ బదనిక: చెట్టు పోతే మొక్కను బతికించుకోవచ్చా?

కాకినాడ జిల్లాలో సామర్లకోటకు దగ్గరి పల్లెలో పుట్టి, పెళ్ళయిన నాటి నుంచి హైదరాబాదులో ఉంటున్న ఒక ఉపాధ్యాయిని రాసిన ఉత్తరం ఇది. వారి వయసు యాభై నాలుగు. పుట్టింటి పెరట్లో తాతగారి కాలం నాటి కొత్తపల్లి కొబ్బరి మామిడిచెట్టు ఉంది. దాని కొమ్మల పంగల్లో తోలుపట్టీల వంటి ఆకులతో, గాలిలోకి వేలాడే తెల్లని లావుపాటి వేర్లతో ఒక మొక్క గుంపులుగా పెరుగుతుంది. వారి నాన్నగారు దానిని కోడికాళ్ళ బదనిక అనేవారు. ఎండాకాలంలో అది పూసినప్పుడు పిల్లలిద్దరినీ నిచ్చెన ఎక్కించి, పసుపుపచ్చని రేకుల మీది గోధుమరంగు గళ్ళను, మధ్యలో ఊదారంగు పెదవిని చూపించి, వాసన చూడమనేవారు. నాన్నగారు పోయి రెండేళ్ళయింది.

ఇప్పుడు తమ్ముడు పాత ఇల్లు తీసి అదే స్థలంలో కొత్త ఇల్లు కట్టబోతున్నారు. కాయకోత అయ్యాక జ్యేష్ఠంలో మామిడిచెట్టు కొట్టిస్తానని చెప్పారు. ఈమె వద్దన్నారు. "చెట్టును పీల్చి పిప్పి చేసే బదనిక కోసం ఇల్లు కట్టుకోవడం మానమంటావా?" అని తమ్ముడు గట్టిగానే అన్నారు. ఆ తర్వాత ఇద్దరి మధ్యా మాటల్లేక రెండు నెలలు గడిచాయి.

కిందటి ఏడాది దసరాకు ఒక మొక్కను, మొన్న సంక్రాంతికి మరొకదానిని చెట్టు మీద నుంచి ఊడదీసి హైదరాబాదు తెచ్చుకున్నారు. కుండీలో ఎర్రమన్ను, పశువుల ఎరువు కలిపి నాటి, హాల్లో కిటికీ పక్కన పెట్టి, నీళ్ళు వృథా కాకూడదని ఆర్వో యంత్రం వదిలేసే నీటిని రోజూ పోశారు. రెండు మొక్కలూ చనిపోయాయి. బదనిక ఇంట్లో ఉండకూడదు, దాని గుణం ఇంటికీ పడుతుందని అత్తగారు అంటున్నారు. పోయిన మొక్కకు బదులు కొండల మీద నుంచి తెచ్చి అమ్మేవారి దగ్గర మరొకటి తెప్పిస్తానని భర్త అంటున్నారు. ఊళ్ళో మేనత్త మోకాళ్ళ నొప్పుల తైలానికి ఆ వేర్లన్నీ తనకు ఇమ్మంటున్నారు. బాల్కనీ తూర్పు ముఖంగా నాలుగో అంతస్తులో ఉంది. "ఆ మొక్క నా చేతిలో బతుకుతుందా? తమ్ముడితో ఏమని మాట్లాడాలి? నాకు కావలసింది మొక్కా, చెట్టా, నాన్నా అన్నది నాకే తెలియడం లేదు" అని ఉత్తరం ముగించారు.

సమాధానం

అమ్మా, మీరు చివర రాసిన ఆ మాట దగ్గరే మొదలుపెడతాను. మొక్క, చెట్టు, నాన్నగారు అనే మూడింటినీ మీరు ఒకే ముడిగా పట్టుకుని ఉన్నారు కనుక తమ్ముడు చెట్టు పేరెత్తినప్పుడల్లా నాన్నగారిని రెండోసారి పోగొట్టుకుంటున్నట్టు మీకు అనిపిస్తోంది. తమ్ముడికేమో మీరు ఇల్లు కట్టవద్దంటున్నట్టు వినిపిస్తోంది. వీటిని విడదీసి చూస్తే చెట్టు సంగతి మీ ఇద్దరూ మాట్లాడుకుని తేల్చుకోవలసినది, నాన్నగారి సంగతి కాలానికి వదలవలసినది. మొక్క సంగతి మాత్రం చాలావరకు మీ చేతిలో ఉంది. చెట్టు నిలిచినా నిలవకపోయినా ఆ మొక్కను బతికించే దారులు ఉన్నాయి. అయితే అవన్నీ హైదరాబాదు బాల్కనీకే వస్తాయని మాత్రం అనుకోకండి.

ముందుగా ఆ మొక్క ఏమిటో చెబుతాను, ఎందుకంటే మీ తమ్ముడి కోపానికీ మీ అత్తగారి భయానికీ మూలం ఒక పేరులో ఉంది. మీరు వర్ణించిన ఆకులు, వేర్లు, గళ్ళ పువ్వు, వాసన అన్నీ వాండా టెస్సెల్లాటా అనే అడవి ఆర్కిడ్‌వి. మన తూర్పు కనుమల్లోనూ, మైదానాల్లోని పాత మామిడితోపుల్లోనూ ఇది సహజంగా పెరుగుతుంది. తెలుగులో బదనిక అనే మాటను మనం రెండు వేరు వేరు మొక్కలకు వాడుతున్నాం. మామిడితోటల రైతులు తిట్టుకునే బదనిక డెండ్రాఫ్తో ఫాల్కేటా అనే పరాన్నజీవి. దాని గింజ జిగురుతో పిట్టల ద్వారా కొమ్మకు అంటుకుంటుంది, మొలక బెరడును చీల్చుకుని కలపలోకి దిగుతుంది, చెట్టు పైకి తోడుకున్న నీటినీ లవణాలనూ తాను తీసుకుంటుంది. అది పట్టినచోట కొమ్మ బుడిపె కడుతుంది, క్రమంగా ఆ పై భాగం ఎండిపోతుంది. మీ తమ్ముడు పీల్చి పిప్పి చేసేదని అన్నది దాని విషయంలో అక్షరాలా నిజం.

మీ నాన్నగారు చూపించిన మొక్క చెట్టు నుంచి చుక్క నీరు కూడా తీసుకోదు. దాని వేర్లు బెరడు పైన పాకుతాయే తప్ప లోపలికి దిగవు. వాన నీటినీ, మంచునూ, ఆ నీటితో పాటు బెరడు మీదుగా జారే దుమ్ములోని, ఆకుల చివుకులోని కొద్దిపాటి పోషకాలనూ తీసుకుని బతుకుతుంది. చెట్టు దానికి నిలబడే చోటు మాత్రమే. ఈ తేడాను మాటలతో చెబితే తమ్ముడు నమ్మకపోవచ్చు, అందుకని చేత్తో చూపించండి. ఒక వేరును గోటితో మెల్లగా లేపితే కింద బెరడు ఎక్కడా చీలకుండా కనిపిస్తుంది. అసలు బదనికకు గాలిలో వేలాడే లావు వేర్లు ఉండవు, ఆకులు వెడల్పుగా ఉంటాయి, పూలు సన్నని గొట్టాల్లా ఉంటాయి. మన మొక్క ఆకులు మాత్రం పట్టీల్లా సన్నగా, కాండానికి రెండు వైపులా వరుసగా అమరి, కొసన కొరికినట్టు ఉంటాయి. కోడికాళ్ళ పేరు బహుశా ఆ వేర్లను చూసి పెట్టినదే అయి ఉంటుందని నాకు అనిపిస్తుంది.

ఈ గందరగోళం మీ ఇంట్లో పుట్టినది కాదు. అమరకోశం ఓషధుల వర్గంలో వందా, వృక్షాదనీ, వృక్షరుహా, జీవంతికా అనే పేర్లను ఒకే వరుసలో చెబుతుంది. వృక్షాదని అంటే చెట్టును తినేది, వృక్షరుహ అంటే చెట్టు మీద పెరిగేది. తినేదానినీ, ఊరికే పైన కూర్చునేదానినీ మన పెద్దలు ఒకే పేర్ల వరుసలో చేర్చారు. ఆ వందా అనే మాటే తర్వాత వాండా అనే శాస్త్రనామమైంది. మీ అత్తగారికి ఈ శ్లోకం సంగతి చెప్పండి. మీది చెట్టును తినేది కాదు, చెట్టు మీద పెరిగేది మాత్రమేనని వివరించండి. ఆమె మాటను మూఢనమ్మకమని కొట్టిపారేసి చెబితే ఆమె వినరు. పువ్వు పూసిన రోజున దగ్గరికి తీసుకువెళ్ళి చూపించి చెబితే వినవచ్చు. అప్పటికీ మనసు ఒప్పకపోతే మొక్క ఇంటి లోపల ఉండదనీ, బాల్కనీలోనే వేలాడుతుందనీ చెప్పండి. అది నిజం కూడా, ఎందుకంటే ఈ మొక్క ఇంటి లోపల బతకదు.

మీ ఊరికీ ఈ మొక్కకూ ఉన్న ఒక సంబంధం మీకు తెలిస్తే సంతోషిస్తారని ఇక్కడే చెబుతున్నాను. ఈస్టిండియా కంపెనీ వైద్యుడిగా వచ్చిన విలియం రాక్స్‌బర్గ్ 1781 నుంచి 1793 వరకు సామర్లకోటలో ఉండి, అక్కడ తోట వేసి, కోస్తా మొక్కల బొమ్మలను స్థానిక చిత్రకారులతో గీయించారు. కోరమండల్ తీరపు మొక్కల మీద ఆయన వెలువరించిన గ్రంథం మొదటి సంపుటంలో, 1795లో, ఈ మొక్క ఎపిడెండ్రమ్ టెస్సెల్లేటమ్ అనే పేరుతో మొదటిసారి శాస్త్రలోకానికి పరిచయమయింది. టెస్సెల్లాటా అంటే గళ్ళు గళ్ళుగా ఉన్నది అని అర్థం. నిచ్చెన మీద నుంచి మీ నాన్నగారు మీకు చూపించిన గళ్ళే ఆ పేరుకు కారణం.

ఇక మీ రెండు మొక్కలూ ఎందుకు పోయాయో చూద్దాం. మీరు ప్రేమ తక్కువై కాదు, మట్టిమొక్కకు చేయవలసిన సేవను చెట్టుమొక్కకు చేయడం వల్ల పోగొట్టుకున్నారు. ఈ ఆర్కిడ్ వేరు చుట్టూ వెలామెన్ అనే తెల్లని మెత్తని పొర ఉంటుంది. అది చచ్చిన కణాలతో ఏర్పడిన స్పాంజి వంటిది. వాన పడగానే నీటిని పీల్చి నిలుపుకుంటుంది, అప్పుడు లోపలి ఆకుపచ్చదనం బయటికి కనిపించి వేరు పచ్చబడుతుంది. తర్వాత గాలికి ఆరి మళ్ళీ వెండిరంగుకు వస్తుంది. తడవడం, ఆరడం రెండూ దానికి సమానంగా అవసరం. ఆ వేరును మట్టిలో పూడ్చినప్పుడు ఆరే దారి మూసుకుపోతుంది. పశువుల ఎరువు తోడైతే కుళ్ళు మరింత తొందరగా వస్తుంది. ఆర్వో యంత్రం వదిలేసే నీరు సంగతి మరీ ముఖ్యం. శుద్ధి చేసినప్పుడు వేరుపడిన లవణాలన్నీ ఆ నీటిలోనే చిక్కగా చేరతాయి కనుక అది బోరు నీటికంటే కూడా ఉప్పు ఎక్కువైన నీరు. గచ్చు కడగడానికి పనికొస్తుంది, ఆర్కిడ్ వేర్లకు మాత్రం విషం వంటిది.

హాల్లో పెట్టడం కూడా ఒక కారణమే. వాండాలు పగటివేళ ఆకురంధ్రాలను మూసుకుని, రాత్రివేళ తెరిచి గాలిలోని కార్బన్ డయాక్సైడును తీసుకునే రకానికి చెందినవి. మండుటెండలోనూ చెట్టు మీద వాడిపోకుండా నిలబడగలిగే శక్తి వాటికి ఆ పద్ధతి వల్లనే వచ్చింది. కానీ ఆ పని సాగాలంటే పగలు మంచి వెలుతురు, రాత్రి కాస్త చల్లగా, తేమగా కదిలే గాలి ఉండాలి. తలుపులు వేసి, ఏసీ నడిచే గది ఈ రెండింటినీ ఇవ్వదు.

ఇక మీ ముందున్న దారులను, ఒక్కొక్క దారిలో వచ్చే మంచిచెడ్డలతో సహా చెబుతాను.

చెట్టును ఉంచమని తమ్ముడిని మళ్ళీ అడగడం మొదటి దారి. ఇంటి పటం ఇంకా ఖాయం కాకపోతే, గోడ కొన్ని అడుగులు జరిగితే చెట్టు నిలుస్తుందేమో చూడమని ఒక్కసారి అడగడంలో తప్పు లేదు. అయితే ఇక్కడ మీరు తెలుసుకోవలసినది ఒకటి ఉంది. పునాది కోసం తవ్వేటప్పుడు పెద్ద వేర్లు తెగి, కాంక్రీటు, ఇటుకల బరువుతో చుట్టూ నేల గట్టిపడితే, పాత చెట్టు పైకి నిలబడినట్టే ఉండి కొన్నేళ్ళలో కొమ్మకొమ్మగా ఎండిపోవడం తరచుగా జరుగుతుంది. బలవంతం మీద ఒప్పించిన చెట్టు అలా పోతే, ఆ ఎండిన కొమ్మ ఇంటి మీద పడుతుందేమోనన్న భయంతో మీ తమ్ముడి కుటుంబం బతకవలసి వస్తుంది. అప్పుడు నింద మీ మీదికి వస్తుంది, మొక్క కూడా పోతుంది. ఇంటికీ చెట్టుకూ నిజంగా దూరం దొరికితేనే ఈ దారి మేలైనది.

రెండో దారి మొక్కలను అదే ఊళ్ళో మరో చెట్టుకు మార్చడం. మొక్క మేలు ఒక్కటే చూస్తే నేను దీనికే ఎక్కువ మార్కులు వేస్తాను. అదే గాలి, అదే వాన, అదే ఎండ ఉంటాయి. మీ మేనత్తగారి తోటలోనో, దగ్గరి బంధువుల దొడ్లోనో గరుకు బెరడున్న పాత మామిడిచెట్టు ఒకటి చూడండి, ఇప్పచెట్టు అయినా సరిపోతుంది. బెరడును పొరలుగా విడిచే జామ, యూకలిప్టస్ వంటివి వద్దు, వేరు పట్టుకున్న చోటు ఊడిపోతుంది. కొమ్మ పంగకు కాస్త కింద, తూర్పు వైపు, ఆకుల సందు నుంచి వెలుతురు పడే చోట, మొక్క మొదలును నారతాడుతోనో పాత నూలుబట్ట పేలికతోనో కదలకుండా కట్టాలి. కదిలితే కొత్త వేరు కొస నలిగి పట్టు దొరకదు. కొబ్బరిపీచు పలచగా అడుగున పెట్టవచ్చు కానీ వేర్లను కప్పేయకూడదు. జూన్‌లో వానలు మొదలయ్యేటప్పుడు కడితే చలికాలానికి అవే పట్టుకుంటాయి. వచ్చే ఎండాకాలం మాత్రం వారానికి రెండు మూడుసార్లు ఎవరైనా పిచికారీతో తడపాలి. ఈ దారిలో ఉన్న కష్టం ఏమిటంటే, పువ్వు పూసినప్పుడు అది మీ కళ్ళ ముందు ఉండదు, ఆ తడిపే మనిషి మీద మీరు ఆధారపడాలి.

మూడో దారి మీ బాల్కనీ. తూర్పు ముఖం కనుక ఇది అసాధ్యం కాదు. ఉదయం మూడు నాలుగు గంటల నీరెండ ఈ మొక్కకు సరిగ్గా సరిపోతుంది. అయితే కాకినాడ తీరపు తేమ గాలికి అలవాటు పడిన మొక్క, ఏప్రిల్, మే నెలల్లో హైదరాబాదు పొడిగాలికి, అందులోనూ నాలుగో అంతస్తులో వీచే గాలికి, ఆరిపోయే ప్రమాదం ఉంది. ఆ లోటును మీరే రోజూ తీర్చాలి. సెలవులకు పదిహేను రోజులు ఊరెళ్ళితే తడిపే మనిషిని పెట్టుకోవాలి. ఇది ఒక ఏడాది ముచ్చట కాదు, ఏళ్ళ తరబడి సాగే బాధ్యత. ఒప్పుకుంటేనే తెచ్చుకోండి.

తెచ్చుకునేటట్టయితే మొక్కను ఊడదీయవద్దు. ఊడదీసినప్పుడు బెరడుకు అతుక్కున్న వేర్లు తెగుతాయి, మొదటి రెండుసార్లూ సగం ప్రాణం అక్కడే పోయి ఉంటుంది. మొక్క ఉన్న కొమ్మనే మూరెడు పొడవున రంపంతో కోయించి, మొక్కతో సహా తీసుకురండి. మామిడికలప మెత్తనిది, తడిసి ఆరుతూ ఉంటే కొన్నేళ్ళకు పుచ్చి బెరడు ఊడుతుంది. అందుకని ఆ కొమ్మముక్కను టేకుపట్టీలతో చేసిన తొట్టెకు తీగతో బిగించి కట్టండి. కొత్తగా వచ్చే వేర్లు క్రమంగా టేకుపట్టీలను పట్టుకుంటాయి, కలప పుచ్చేనాటికి మొక్కకు కొత్త ఇల్లు సిద్ధమవుతుంది. తొట్టెలో నాలుగైదు పెద్ద బొగ్గుముక్కలు, ఇటుకపెంకులు వేస్తే చాలు, మట్టి చిటికెడు కూడా వద్దు. పావురాల వల ఉంటే దానికి కాక పైకప్పు కొక్కేనికి వేలాడదీయండి, చుట్టూ గాలి ఆడాలి.

తెచ్చిన మొదటి నెల ఎండ తగలని, వెలుతురున్న చోట ఉంచండి. అడుగు ఆకులు రెండు మూడు పసుపు పడి రాలవచ్చు, భయపడకండి. ఆకులన్నీ ముడతలు పడితే మాత్రం నీరు చాలడం లేదని అర్థం. వేరు కొసన ఆకుపచ్చగానో, ఎర్రని ఛాయతోనో మెరిసే కొత్త మొన కనిపించిన రోజు నుంచి మొక్క నిలబడినట్టు లెక్క. ఆ తర్వాత వారం వారం వెలుతురు పెంచుతూ నీరెండకు తీసుకురండి. ఆకు రంగే మీకు కొలబద్ద. ముదురాకుపచ్చగా, మెత్తగా మారితే వెలుతురు చాలడం లేదు, అలాంటి మొక్క ఎన్నేళ్ళున్నా పూయదు. లేతపచ్చగా గట్టిగా ఉంటే సరిగ్గా ఉంది. నల్లని కాలిన మచ్చలు పడితే ఎండ మించింది.

నీరు ఉదయం పోయండి. వేర్లన్నీ వెండిరంగు నుంచి పచ్చరంగుకు మారేదాకా తడపడం, కొన్ని నిమిషాలు ఆగి మరోసారి తడపడం మంచి పద్ధతి. ఎండాకాలంలో సాయంత్రం నాలుగు గంటలకు మరోసారి తడపవచ్చు, చీకటిపడే వేళకు ఆకుల మొదళ్ళు ఆరి ఉండాలి. వాండాకు పెరిగే కొస ఒక్కటే ఉంటుంది. ఆకుల నడిమి ఆ గుబురులో రాత్రంతా నీరు నిలిస్తే కొస కుళ్ళి, ఆ కాండం పైకి పెరగడం ఆగిపోతుంది. వాన కురిసే రోజుల్లో నీరు పోయనవసరం లేదు, డిసెంబరు చలిలో రెండు రోజులకు ఒకసారి చాలు. వాననీరు పట్టి దాచుకోగలిగితే అంతకు మించినది లేదు. కుళాయి నీటిని రాత్రంతా బకెట్టులో ఉంచి వాడవచ్చు. లీటరుకు 200 మిల్లీగ్రాముల లోపు లవణాలున్న నీరు మంచిది, అపార్టుమెంటు బోరునీరు చాలాచోట్ల ఆ కొలతను దాటి ఉంటుంది. శుద్ధి చేసిన ఆర్వో నీరు కొంత కలిపితే ఆ దోషం తగ్గుతుంది.

ఎరువు సంగతి కొద్దిగానే చెబుతాను, ఎందుకంటే దానితో మొక్కలు పోగొట్టుకున్నవారినే నేను ఎక్కువగా చూశాను. కొత్త వేరుమొన కనిపించేదాకా ఏ ఎరువూ వద్దు. తర్వాత నత్రజని, భాస్వరం, పొటాష్ సమపాళ్ళలో ఉండి నీటిలో కరిగే 19:19:19 ఎరువును లీటరుకు అర గ్రాము కలిపి, ముందు మామూలు నీటితో వేర్లు తడిపిన తర్వాత, వారానికి ఒకసారి పిచికారీ చేయండి. పశువుల ఎరువు, వేరుశెనగ చెక్క, వంటింటి కడుగునీళ్ళు ఏవీ వద్దు. పొలుసుపురుగు కనిపిస్తే తడిబట్టతో తుడవండి. నత్త ఒక్కటి చాలు, రాత్రికి రాత్రి వేరుమొనలన్నీ కొరికేస్తుంది, వానాకాలంలో తొట్టె అడుగు చూస్తూ ఉండండి.

ఇక మీ భర్తగారు చెప్పిన దారి. మీ బాధ చూడలేక ఆయన ఆ మాట అన్నారు, అయినా నేను వద్దనే చెబుతాను. రిజర్వు అడవి నుంచి మొక్కను తీయడం అటవీ చట్టం ప్రకారం నేరం. అమ్మేవాడు ఎక్కడి నుంచి తెచ్చాడో కొనేవారికి తెలిసే వీలు లేదు. అలా వచ్చే మొక్కలు చాలావరకు వేర్లు తెగి, మూటల్లో నలిగి వస్తాయి, వాటిలో బతికేవి కొన్నే. అడవిలో ఒక మొక్క పూతకు రావడానికి ఎన్నో ఏళ్ళు పడుతుంది. అంతకంటే ముఖ్యంగా, ఏ కొండ మీదిదో తెలియని ఆ మొక్క మీ నాన్నగారు చూపించిన మొక్క కాదు కదా. చేయి అలవాటు కావడానికి ఒక మొక్క కావాలనుకుంటే, ప్రయోగశాలలో పెంచిన వాండా సంకరజాతి మొక్కను నమ్మకమైన నర్సరీలో కొని, ఈ కాలంలోనే పెంచి చూడండి. అది మీ బాల్కనీలో నిలబడితే ఊరి మొక్క కూడా నిలబడే అవకాశం ఉంటుంది. అది కూడా పోతే, ఊరి మొక్కను ఊళ్ళోనే ఉంచడం మేలని ముందుగానే తెలిసిపోతుంది.

ఆ ఆర్కిడ్ మొక్కలకు పచ్చికాయలు ఉన్నాయేమో చూడమని మరో మాట. పువ్వు పోయినచోట గీతలున్న పొడుగాటి కాయ కడుతుంది, దానిలో పిండి వంటి గింజలు లక్షల్లో ఉంటాయి. ఆ గింజలో మొలకకు కావలసిన ఆహారం నిల్వ ఉండదు, అందుకని ప్రకృతిలో ఒక జాతి శిలీంధ్రం తోడు లేనిదే మొలవదు. ఈ రహస్యాన్ని ఫ్రాన్సులో నోయెల్ బెర్నార్ 1899లో కనిపెట్టారు. శిలీంధ్రం లేకుండానే చక్కెర కలిపిన అగర్ (సముద్రపు నాచు నుంచి తీసే జిగురు) మీద మొలిపించవచ్చని అమెరికాలో లూయిస్ నడ్‌సన్ 1922లో చూపించారు. అంటే కుండీలో చల్లితే రావు, ప్రయోగశాల కావాలి. పగలని కాయ దొరికితే వెంకటరామన్నగూడెంలోని ఉద్యాన విశ్వవిద్యాలయంలోనో, ఆంధ్ర విశ్వవిద్యాలయం వృక్షశాస్త్ర విభాగంలోనో తీసుకుంటారేమో అడిగి చూడవచ్చు. తీసుకుంటే ఒక్క కాయ నుంచి ఆ మొక్క సంతతి వందల్లో మిగులుతుంది, కాకపోతే పూత చూడడానికి ఏళ్ళు పడుతుంది. తీసుకోకపోతే మీరు పోగొట్టుకునేది ఏమీ లేదు.

మేనత్తగారి తైలం విషయానికి వస్తే, ఆమె అడుగుతున్నది ఆయుర్వేదంలో రాస్నా అనే ద్రవ్యం. బెంగాలులో ఈ వాండా వేర్లనే రాస్నాగా వాడుతూ వచ్చారు, ఉత్తరాన మరో మొక్కను వాడతారు, మన దక్షిణాదిలో వాడుకలో ఉన్నది దుంపరాష్ట్రం. అది పచారీ కొట్లలోనే దొరుకుతుంది. తైలం చేయించుకోవాలనుకుంటే ముందు వైద్యుడిని అడిగి, దుంపరాష్ట్రంతో చేయించుకోమని చెప్పండి. వీలైతే కొట్టులో కొని మీరే పంపండి. తోట ఆమెదే అయితే, రేపు మీ మొక్కలకు చోటివ్వవలసిన మనిషి ఆమే.

ఇక తమ్ముడు. మీరిద్దరూ ఒకే నిచ్చెన ఎక్కి ఆ పూల వాసన చూశారని మీరే రాశారు. ఆ చెట్టు మీద ఆయనకు ఏ జ్ఞాపకమూ లేదని అనుకోవడం న్యాయం కాదు. నరికించే పని తన మీద పడింది కనుక, బహుశా ఆయన కోపంతో మాట్లాడుతున్నారు. అక్క చెట్టు కోసం పోట్లాడుతున్నదని అనుకుంటున్నవారికి మీరు ఫోను చేసి, "ఇల్లు కట్టుకో, మంచి ఇల్లు కట్టుకో, చెట్టు కొట్టే రోజు నాకు చెప్పు, నాలుగు కొమ్మలు నేను కోయించుకుంటాను" అంటే ఆ మాటకు కాదనే కారణం ఆయనకు ఉండదు. చెట్టును వదులుకోవడానికి మీ మనసు సిద్ధపడితేనే ఆ మాట అనండి. పైకి ఒప్పుకుని లోపల నొచ్చుకుంటే అది మరో పండగనాడు బయటపడుతుంది. సిద్ధపడకపోతే, బాధగా ఉందని నేరుగా చెప్పండి, బదనిక పేరుతో వాదించకండి. ఆయన ఒప్పుకుంటే ఒక కొమ్మను ఆయన కొత్త ఇంటి దొడ్లో మిగిలిన ఏ చెట్టుకైనా కట్టించమని అడగండి. అక్కడ పూస్తే వాసన ఆయన పిల్లలు చూస్తారు.

మొక్కలు ఎక్కువ ఉన్నాయి కనుక అన్నిటినీ ఒకే చోట పెట్టకండి. నాకే ఆ అవకాశం ఉంటే సగానికి పైగా మేనత్తగారి తోటలో కట్టిస్తాను, తమ్ముడి దొడ్లో ఒకటి ఉంచుతాను, బాల్కనీకి ఒకే ఒక చిన్న గుంపు తెచ్చుకుంటాను. పెద్ద ముదురు గుంపులకంటే నాలుగైదు జతల ఆకులున్న లేత మొక్కలు కొత్తచోటుకు తొందరగా అలవాటు పడతాయి. ఆ సమయానికి పూలకాడలు ఉంటే కోసి ఇంట్లో నీటిలో పెట్టుకోండి, మొక్క బలం వేర్లకు పోనివ్వండి. కాయలు ఉన్న కాడలను మాత్రం వదిలేయండి.

కొమ్మలు కోయించే రోజున రంపం పెట్టకముందే మీరు నిచ్చెన ఎక్కి, లేదా ఎవరినైనా ఎక్కించి, ప్రతి కొమ్మ మీదా తూర్పుకు తిరిగి ఉన్న వైపున సుద్దతో ఒక గీత గీయించండి. కోసిన కొమ్మలను తాడు కట్టి మెల్లగా దించాలి, కింద పడనివ్వకూడదు. మామిడి జీడి కారినచోట వేర్లకు అంటకుండా గుడ్డతో తుడిచి, రెండు రోజులు నీడలో ఆరబెట్టండి. తర్వాత తోటలో కట్టినా, బాల్కనీలో వేలాడదీసినా, ఆ సుద్దగీతను మళ్ళీ తూర్పుకే తిప్పండి. అలా తిప్పితే ఆకులు పాత వెలుతురునే చూస్తాయి, మొక్క తన ముఖం మార్చుకునే శ్రమ తప్పుతుంది.